పారే తేనె

డాఫిన్,
జనవరి 12, 1974.

ఓస్తాప్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ నేను, మన లెస్యా, మామయ్య, రెండు ఆవులు, అందరం బాగానే ఉన్నాం. గనిలో చలి ఎలా ఉందో నువ్వు రాయలేదు. రాయలేదంటే చాలా ఎక్కువగా ఉందన్నమాట. నేను అల్లి పంపిన మేజోళ్ళు దాచుకోవడానికి కాదు, ఒకదానిమీద ఒకటి వేసుకో.

అడిగినవాటికి జవాబులు. లెస్యాకి పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేస్తూ నా ప్రాణం తీస్తోంది. ఎర్ర ఆవు ఇంకా ఈనలేదు. మొన్న ఆరున, మన పాత క్యాలెండరు క్రిస్మస్ పండగ రాత్రి, నీ కుర్చీ ఖాళీగా ఉంటే భోజనం సయించలేదు, ఆ సంగతి మళ్ళీ అడక్కు. ఇక నీ ఆఖరి ప్రశ్న. "యార్కో తేనె కల్తీదని మనవైపు పుకారు పుట్టిందట, ఇక్కడ గనిలో మనూరి కుర్రాడు చెప్పాడు, నా తమ్ముడి మీద ఆ మాట పుట్టించిన నోరు ఎవరిది?" అని రాశావు. ఆ నోరు నాదే. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

డిసెంబరు ఆఖర్లో ఒకరోజు పండగ పాయసం కుత్యాలోకి తేనె కరిగించి పెట్టుకుందామని నేలమాళిగలోకి దిగాను. గోధుమలూ గసగసాలూ ఎన్నున్నా, తేనె లేకపోతే అది కుత్యా ఎలా అవుతుంది? మన తేనె సంగతి నీకు చెప్పాలా, తేనెటీగల పెట్టెలోంచి తీసిన నెల తిరక్కుండానే పేరిన నెయ్యిలా తెల్లగా గడ్డకడుతుంది. చెంచా గుచ్చితే చెంచాయే వంగుతుంది. చలికాలంలో పారే తేనెనీ, ఊరికే పొగిడే చుట్టాన్నీ నమ్మకూడదని అత్తయ్య అంటూండేది. గోడవారనున్న డబ్బా మూత తీద్దును కదా, లోపల తేనె పారుతోంది! డబ్బా వంచితే బద్ధకంగా అటు జారింది. తక్కిన డబ్బాలన్నీ తెరిచి చూశాను, రాళ్ళలా ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. పోయిన ఎండాకాలమంతా వానలే. సగం తేనె కూడా రాలేదని యార్కో మన బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాడు. అయినా మనకి ఏటా ఇచ్చినన్ని డబ్బాలూ ఇచ్చాడు. మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? కొట్లో మొక్కజొన్న పాకం దొరుకుతుంది కదా! చెంచాతో నాకి చూశాను. తియ్యగానే ఉంది. అంత తియ్యగా ఉండేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. గబగబా పైకొచ్చి ఫోను తీశాను.

"యార్కో, నువ్విచ్చిన తేనె పారుతోంది" అన్నాను.

"డిసెంబర్లో పారడమేంటి వదినా?"

"నేనూ అదే అడుగుతున్నా. పాకం కలిపావా? ఊళ్ళోవాళ్ళకి సరే, ఇంట్లోవాళ్ళక్కూడానా?"

"మతి గానీ పోయిందా నీకు? అవి నాన్న పెట్టెలు. డబ్బాల మీద నాన్న పేరుంది. అందులో పాకం పోస్తానా?"

"నువ్వు పొయ్యకపోతే తేనెటీగలు పోశాయా?"

అప్పుడు వినపడింది నాకు, తీగలో ఎవరింటిదో గోడగడియారం చప్పుడు. ఇంకెవరింటిదో కెటిల్ కూత. మన రోడ్డు మీద ఇళ్ళన్నిటికీ తీగ ఒక్కటేనని, ఒకరి గంట మోగితే తక్కినవాళ్ళంతా ఫోనులెత్తి ఊపిరి బిగబట్టి వింటారని నాకు తెలియదా? తెలుసు. కోపమొస్తే గుర్తుంటేగా! కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం.

ఆదివారం గుడికి వెళ్ళొస్తూ చూస్తే యార్కో గేటు ముందు మంచులో తేనె డబ్బాలు. కొన్నిటికి మూత కూడా తియ్యలేదు. ఎవరూ తలుపు తట్టలేదు, ఎవరూ ఒక్క మాట అడగలేదు. గుట్టుగా పెట్టేసి పోయారు.

మర్నాడు యార్కో వచ్చాడు. టోపీ అయినా తియ్యకుండా కిందికి దిగి, ఆ డబ్బా మోసుకొచ్చి బల్లమీద పెట్టాడు. అడుగునుంచి గరిటెతో తోడి చూపించాడు. ఇంకా కరగని తెల్లటి పలుకులు ఉన్నాయి.

"పాకానికి పలుకులుంటాయా వదినా? ఇది పేరుకున్న తేనే, అమ్మకం తగ్గించుకుని మీకిచ్చిందే. ఎవరో కరిగించారు. అదీ ఎంత పద్ధతిగానో చూడు. వేలు పెడితే ఓర్చుకునేపాటి వేణ్ణీళ్ళలో డబ్బా నిలబెట్టి, నెమ్మదిగా. పూల వాసన పోనే లేదు."

నాకు సిగ్గేసింది. కానీ అనుమానం మాత్రం పోలేదు, మనిషిని మార్చుకుందంతే. కరిగించింది నేను కాదు. లెస్యాకి ఆ డబ్బా లేవదు. మామయ్య పొయ్యి పక్కన పేపరు చదువుకుంటున్నాడు.

"ఎలకలేమో" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఎలకలు నీళ్ళు కాచుకుంటాయా మామయ్యా?"

"ఈ కాలం ఎలకలు" అన్నాడు పేపరు వెనకనుంచి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే!

యార్కో నవ్వలేదు. "వసంతం రాగానే పెట్టెలు అమ్మేస్తాను వదినా. నాన్న పేరు నా చేతుల్లో పోయిందన్న మాట పడి బతకలేను" అని వెళ్ళిపోయాడు. మామయ్య పేపరు దించలేదు.

ఆ రోజు నుంచి మామయ్య మీద ఒక కన్నేసి ఉంచాను. కరిగించిన తేనె బోసినోటివాళ్ళకని వెక్కిరించే మనిషి, రొట్టెమీద గట్టి తేనె కత్తితో కోసుకు తినే మనిషి, ఎవరికోసం కరిగిస్తున్నట్టు? ఆదివారానికి తప్ప గడ్డం గీసుకోని మనిషి బుధవారం గీసుకున్నాడు. ఆవుల్ని చూసొస్తానని కోటు జేబులో ఏదో దోపుకుని వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. అడుగులు కొట్టంవైపు పోలేదు. చెట్లలోంచి మంచు తొక్కుకుంటూ తిన్నగా అత్తయ్య స్నేహితురాలు పరాస్కా పిన్ని ఇంటికి పోయాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట!

నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో నాకు యార్కో గుర్తు రాలేదు. నా వంటిల్లు గుర్తొచ్చింది. ఆ విధవరాలు ఒంటరి ముసలాయన్ని మెత్తగా మాటల్లో పెట్టింది, రేపో మాపో ఇక్కడికొచ్చి నా గరిటె లాక్కుంటుంది అనుకున్నాను. ఊళ్ళో జబ్బు పడిన ప్రతివాళ్ళకీ పులుసు మోసుకెళ్ళే ఆవిడ మంచితనం కూడా ఆ పూట నాకు పన్నాగంలానే తోచింది. మామయ్య రాగానే కడిగెయ్యాలని కాచుక్కూర్చున్నాను.

మామయ్య వచ్చి బూట్లు విప్పుతుంటే ఫోను మోగింది. ఆగకుండా ఒకటే పొడుగు గంట. ఆ గంట నిప్పంటుకుంటేనో, ఎవరైనా పోతేనో తప్ప కొట్టరు. ఫోనెత్తాను. రోడ్డు మీద ప్రతి ఇంట్లోనూ ఎత్తారు.

"నేను పరాస్కాని" అంది ఆవిడ. "నిప్పూ లేదు, చావూ లేదు. యార్కో తేనె కల్తీదన్న మాట ఇప్పుడే నా చెవిన పడింది. దగ్గుతో మంచం పట్టి ఇన్నాళ్ళూ ఫోను ఎత్తలేదు నేను. ఆ తేనె నిఖార్సయినది. నా దగ్గుకోసం వాళ్ళ నాన్న దిమిత్రో కరిగించి తెస్తున్నాడు. చలి మొదలైనప్పటినుంచీ తెస్తున్నాడు. ఎందుకు తెస్తున్నాడో మీరంతా ఎలాగూ చెప్పుకుంటారు, చెప్పుకోండి. కానీ ఆ పిల్లాడి గేటు ముందు పడేసిన డబ్బాలు రేపు పొద్దున్నే ఎవరివి వాళ్ళు తీసుకుపోండి. ఇక ఫోనులు పెట్టెయ్యండి, పొయ్యిమీద మీ కూరలు మాడుతున్నాయి."

ఒక్కరు పెట్టలేదు. ఆవిడే మొదట పెట్టింది. విధవరాలయ్యాక ఇన్నేళ్ళలో ఆవిడ గురించి ఒక్క మాట అనడానికి ఈ ఊరికి సందు దొరకలేదు. యార్కో కోసం తన పేరు తానే తెచ్చి అందరి నోళ్ళలో పెట్టింది. నా మొహం నాకే చూసుకోబుద్ధి కాలేదు ఓస్తాప్.

ఆవిడ గొంతు మామయ్యక్కూడా వినపడింది. ఒక బూటు విప్పుకుని, ఒక బూటుతో అలాగే కూర్చున్నాడు.

"కన్నకొడుకు పరువు పోతుంటే ఎలకలంటారా మామయ్యా?" అన్నాను.

"భయమేసిందమ్మాయ్. మీ అత్త పోయి రెండేళ్ళన్నా కాలేదు. ఓస్తాప్‌కి తెలిస్తే ఏమనుకుంటాడోనని భయం. నేను చెప్పాల్సిన మాట ఆవిడ చేత చెప్పించాను" అని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

చూడలేక మాట మార్చాను. "ఆవిడకి పొయ్యి లేదా? ఆవిడే కరిగించుకోలేదా?"

మామయ్య తలెత్తాడు. "కరిగిస్తుందా? గిన్నెలో పోసి కుతకుతా మరిగించేస్తోందమ్మాయ్! కళ్ళారా చూశాను. అంత మంచి తేనెని అలా చంపుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?" అన్నాడు. ఏడుస్తున్న మనిషికి ఎంత రోషం వచ్చిందో చూడాల్సింది.

విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుని యార్కో ఇంటికి బయల్దేరాడు. ఈసారి చెట్లలోంచి కాదు, అందరూ చూసేలా రోడ్డు మధ్యలోంచి వెళ్ళాడు. తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పెట్టెలు అమ్మే మాట మాత్రం యార్కో మళ్ళీ ఎత్తలేదు. నేనూ వెళ్ళి వాడి చేతులు పట్టుకున్నాను. "ఇకమీదట నాతో పోట్లాడాలంటే నడిచి రా వదినా, ఫోను చెయ్యకు" అన్నాడు. గేటు ముందు డబ్బాలన్నీ మాయమయ్యాయి. తీసుకెళ్ళిన ప్రతివాళ్ళూ తాము ముందునుంచీ నమ్మలేదనే చెప్పారట.

ఇక ఇన్ని కాయితాలు నింపింది ఈ మాట కోసం. నీకు రాయనని మామయ్యకి మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఈస్టరు వెళ్ళాక మామయ్య పరాస్కా పిన్నిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాడు.

పండగ రాత్రి భోజనానికి పిలుద్దామని నేనే ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది. "పోయినవాళ్ళకోసం మీ బల్లమీద పెట్టే పళ్ళెం మీ అత్తది, నా స్నేహితురాలిది. దాని పెద్దకొడుకు సరే అనకుండా నేను ఆ బల్ల దగ్గర కూర్చోను పిల్లా. వద్దంటే ఇంతటితో సరి, మీ మామ ముఖం కూడా చూడను" అంది. దగ్గుతూనే చెప్పింది. మామయ్య ఏమో నిన్ను అడిగే ధైర్యం లేక, ఆ మాట వసంతం దాకా ఆపుదామంటున్నాడు. ఆయనకి డెబ్బై దాటాయి, ఎన్ని వసంతాలున్నాయని ఆగుతాడు?

నా వంటింటి మీద నాకు ఇంకా భయమే. అబద్ధం చెప్పను. అయినా రమ్మనే అంటున్నాను. పోయింది నీ కన్నతల్లి, నీ మనసు నీది. నేను బలవంతపెట్టను. నీకు ఇష్టం లేకపోతే ఉత్తరం రాయి, నేను చదివి పొయ్యిలో వేస్తాను, మూడోకంటికి తెలియదు. ఇష్టమైతే మాత్రం ఉత్తరం వద్దు. ఆదివారం గుడినుంచి అందరూ ఇళ్ళకి చేరాక ఫోను చెయ్యి. మన గంట మోగగానే రోడ్డంతా ఫోనులెత్తుతుంది, ఎత్తనీ. తొందరపడకు, అందరూ ఎత్తేదాకా ఆగు. ఆగి, అప్పుడు గట్టిగా చెప్పు.

ఇట్లు,
ఆదివారం ఫోను పక్కనే కుర్చీ వేసుక్కూర్చునే నీ ఇల్లాలు,
ఓరీసియా.