మొలకలొచ్చిన గోధుమలు

రుక్సూ, నా కోడిపిల్లా,

నీ చెల్లి స్మరాంద పోయిన నలభయ్యో రోజు ప్రార్థన చర్చిలో జరిపించాం. పోయినవాళ్ల పేరున ఉడికించి పంచాల్సిన తీపి గోధుమలు మాత్రం ఆలస్యమయ్యాయి. తప్పు నాదే. గోధుమలు ముందే నానబెట్టి, స్మరాంద రెండో తరగతి సైన్సు నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూడు రోజులు గిన్నె సంగతే మర్చిపోయాను. పక్కింటి పరస్కీవక్క మూత తీసి, "ఏమే, ఇవి చర్చికా, కోళ్లకా? తోకలొచ్చాయే!" అంది. ఇరవై ఏళ్లుగా ఊళ్లో అందరి దినాలకూ గోధుమలు వండిపెట్టే మహా వంటగత్తెను నేను!

నోటుబుక్కు మొదటి పేజీలో, ఏడాది చివరికి పిల్లలకు ఏమేం రావాలో టీచరమ్మ రాయించింది. అన్నిటికీ టిక్కులున్నాయి, ఒక్కదానికి తప్ప: "విత్తనాన్ని స్వయంగా మొలకెత్తించి చూడాలి." ఆ పాఠం వచ్చిన వారమే మన పిల్ల ఆసుపత్రిలో చేరింది కదా. తలకు గుడ్డయినా కట్టుకోకుండా, ఆ మొలకల గిన్నె పట్టుకుని బడికి పరుగెత్తాను. పిల్లలు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "ఇంట్లోవాళ్ల సాయంతో చేసినా చెల్లుతుందమ్మా" అని స్మరాంద పేజీలో ఎర్ర టిక్కు పెట్టింది. నాలుగో తరగతి తప్పినదాన్ని, ఇప్పుడు రెండో తరగతి గట్టెక్కించాను.

నువ్వు అన్నం ముట్టడం లేదని నీ గదిలో ఉండే అమ్మాయి ఫోనులో చెప్పింది. ప్రాణమున్న ప్రతిదానికీ నీళ్లు, గాలి, తిండి కావాలని చెల్లి ఆ నోటుబుక్కులో తన చేత్తోనే రాసుకుంది. అక్కవు, నీకు తెలియదా? కడుపునిండా తిను తల్లీ.

అమ్మ