ఆ డెబ్బై రెండు నావి కావు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

పోస్ట్‌మాన్ కూడా చదువుతాడని తెలిసే కార్డు మీద రాస్తున్నాను. లెక్కల్లో నాకొచ్చిన డెబ్బై రెండు మార్కులు నావి కావు. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి పేపరు చూసి రాశాను. ఇద్దరి పేపర్లలోనూ ఒకే తప్పులున్నాయని టీచరమ్మ నిలదీస్తే, అదే నా పేపరు చూసిందని అబద్ధమాడాను. దానికి సున్నా వేశారు. వారం రోజులు అది ఏడుస్తుంటే నోరు మెదపలేకపోయాను. మొన్న వెళ్లి ఒప్పుకున్నాను. టీచరమ్మ తిట్టలేదు. "ఇప్పుడు నీ అంతట నువ్వు రాయి" అని అదే పేపరు ఇచ్చారు. పంతొమ్మిది వచ్చాయి. "సరే, ఇక్కణ్ణుంచే మొదలెడదాం. రోజూ గంట ముందు రా" అన్నారు. పెద్ద పరీక్షలకు ఇరవై రోజులే ఉన్నాయి.

బీరువా మీదున్న నా ఆరో తరగతి లెక్కల నోట్సు పంపించు. భిన్నాల దగ్గరే చతికిలబడుతున్నాను. నానమ్మకు దగ్గు తగ్గిందా? నా మార్కులు వీధంతా చాటుకుంది పాపం, తనకు మెల్లగా చెప్పు. నాన్న దగ్గర మాత్రం దాచకు.

ఆ అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. ఇవాళ లెక్క మధ్యలో నేను ఆగిపోతే, నా మొహం చూడకుండానే తప్పు మీద వేలు పెట్టి చూపించింది.

అందరికీ నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

నీ పెద్దది