నల్లకోటు బొత్తాలు

చిత్రశాల అధికారి గారికి నమస్కారం.

మీ రెండో అంతస్తు మూడో గదిలో ఒక కోటు బొత్తాల విషయమై ఈ ఉత్తరం రాస్తున్నాను. తమరు వెంటనే కల్పించుకోవాలి.

నేను దర్జీని. బుధవారం కొట్టుకి సెలవు. పదకొండేళ్లుగా ఆ మధ్యాహ్నం మీ మూడో గదిలో బెంచీ మీద కూర్చుని, ఎదురుగా ఉన్న నల్లకోటు పెద్దమనిషి బొమ్మ చూస్తాను. కింద బస్టాపులో ఒకాయన క్లారినెట్ వాయిస్తుంటాడు. ఆ పాట కిటికీలోంచి పైకి వస్తుంది. బొమ్మా, పాటా, మధ్యమధ్య బస్సుల హారన్లూ. ఇంతకన్నా సుఖం నాకు తెలియదు. పోయిన వారం కొత్త కళ్లజోడుతో వచ్చాను, నా కొంప మునిగింది. పెద్దమనిషి కోటుకి బొత్తాలు ఎడమ పక్కన ఉన్నాయి. మగవాళ్ల కోటుకి మేం కుడి పక్కన కుడతాం. పై జేబు కూడా అటుది ఇటు వచ్చింది. ఇప్పుడు ఆయన ముఖం చూడబోతే నా చూపు బొత్తాల మీదికే పోతోంది.

ఇట్లు,
నాలుగో వీధి దర్జీ

తా.క. పాత కళ్లజోడు పెట్టుకుని వెళ్లమంటోంది మా ఆవిడ. దాంట్లో బొత్తాలు కనిపించవు, నిజమే. మెట్లూ కనిపించవు.

*

దర్జీ గారికి,

తమరి కోటు బొత్తాలు మా మూడో గదిలో పోయినట్టు చేసిన ఫిర్యాదు అందినది. పని ఒత్తిడి కారణంగా ఈ కార్యాలయంలో ప్రతి ఉత్తరానికీ మొదటి పేరా మాత్రమే చదివే పద్ధతి ఉన్నదని గమనించగలరు. గది ఊడ్పించి, దొరికిన ఏడు బొత్తాలు ఇందుతో జతపరచడమైనది. తమవి ఏరుకుని మిగిలినవి తిప్పి పంపవలెను.

ఇట్లు,
ఉత్తరాల గుమాస్తా, చిత్రశాల

తా.క. ఊడ్చినప్పుడు ఒక పెట్టుడు పళ్ల సెట్టు కూడా దొరికినది. తమదైతే స్వయంగా వచ్చి నిరూపించుకోవలెను.

*

గుమాస్తా గారికి నమస్కారం.

మీ పద్ధతి తెలిసింది కనుక అంతా ఒకే పేరాలో రాస్తున్నాను, ఊపిరి బిగబట్టి చదవండి. నా బొత్తాలు నా కోటుకే ఉన్నాయి, మీరు పంపిన ఏడింటిలో మూడు చొక్కావి, నాలుగు దిండు గలీబువి, అన్నీ తిప్పి పంపుతున్నాను, నేను చెప్పేది గోడకి వేలాడే బొమ్మలో ఉన్న పెద్దమనిషి కోటు గురించి, పాపం ఆయన ఇన్నేళ్లుగా తప్పు కోటు తొడుక్కుని నలుగురి ముందూ నిలబడి ఉన్నాడు, అది కుట్టినవాడెవడో గానీ నా చేతికి దొరికితే చెవులు మెలేద్దును, మీకు నమ్మకం లేకపోతే వచ్చే బుధవారం కత్తెరా, సుద్దా, టేపూ తెచ్చి మీ కళ్లముందే కోటు సంగతి తేల్చేస్తాను, అరగంట పని.

ఇట్లు,
నాలుగో వీధి దర్జీ

తా.క. పళ్లు నావి కావు. నావి మా ఆవిడ మీద కోపం వచ్చినప్పుడల్లా కొరుక్కుంటున్నాను, గట్టిగానే ఉన్నాయి.

*

దర్జీ గారికి,

తమరు కత్తెరతో వచ్చి చిత్రం సంగతి తేల్చేస్తామని రాతపూర్వకంగా బెదిరించినందున ఉత్తరాన్ని భద్రతా విభాగానికి పంపడమైనది. మూడో గదిలో అదనంగా ఒక కాపలాదారుని ఉంచాం. తమరి టేపు గుమ్మం దగ్గర అప్పగించవలెను.

మరియు, సదరు చిత్రంలోని మనిషి ఎవరో తెలియదు. ఎవరో తెలియని మనిషి కోసం ఇద్దరు కాపలాదార్లను పెట్టడం దండగని పై అధికారులు అభిప్రాయపడినందున, వచ్చే నెల మొదటి తారీఖున చిత్రాన్ని నేలమాళిగకు తరలిస్తున్నాం.

ఇట్లు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. తమరు ఆ చిత్రానికి వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ నమస్కారం పెడతారని పాత కాపలాదారు చెప్పాడు. నియమావళి అంతా వెతికాను. నిషేధం కనబడలేదు. పెట్టుకోవచ్చు.

*

గుమాస్తా గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. తప్పు కోటైతే కావచ్చు, కానీ నాకు ఆయన కావాలి. పదకొండేళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం. నా నోటి దురద వల్ల ఆయన చీకట్లోకి పోతే నా ముఖం నేను అద్దంలో చూసుకోలేను.

అద్దం మాట వచ్చింది కనుక అసలు సంగతి. నిన్న ఒక లాయరు గారికి కోటు తొడిగి అద్దం ముందు నిలబెట్టాను. ఆయన వెనకనుంచి అద్దంలోకి చూస్తే, నేను కుడి పక్కన కుట్టిన బొత్తాలు ఎడమ పక్కకి వచ్చి కూర్చున్నాయి. జేబూ అంతే. అచ్చం బొమ్మలో ఉన్నట్టే! చేతిలో గుండుసూది లాయరు గారికి దిగబడిపోయింది. అయ్యా, ఆ కోటు కుట్టినవాడు తప్పు చేయలేదు. ఆ పెద్దమనిషి అద్దంలో చూసుకుంటూ తనని తానే గీసుకున్నాడు. బొమ్మ కింద చీటీలో గీసినవారి పేరుంది, మనిషి ఎవరో తెలియదని ఉంది. ఇద్దరూ ఒకరే. ఇక ఆయన ఎవరో తెలిసింది కదా, అక్కడే ఉండనివ్వండి.

ఇట్లు,
దర్జీ

తా.క. లాయరు గారు నా మీద కేసు వేస్తానంటున్నారు. కోటు మాత్రం విప్పలేదు.

*

గౌరవనీయులైన దర్జీ గారికి,

తమరి ఉత్తరం మొత్తం చదవడమైనది. పై అధికారులు కూడా చదివారు. పదకొండుమంది నిపుణులు నెల రోజులు అద్దాలు పట్టుకుని పరిశీలించి, తమరు చెప్పినదే నలభై పేజీల్లో చెప్పారు. ఆ చిత్రకారుని ముఖం ఇంతవరకూ ఎవరూ చూసి ఎరుగరు. ఊరంతా ఇదే మాట. తమరి కోరిక మన్నించి చిత్రాన్ని నేలమాళిగకు పంపడం లేదు. కింద పెద్ద హాలులో గాజు వెనక పెట్టాం, తాడు కట్టాం, నలుగురు కాపలా. పైన మూడో గదిలో బెంచీ అవసరం తీరినందున తొలగించాం.

ఇట్లు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. నిపుణుల్లో ఒకాయన తమరిది ఏ విశ్వవిద్యాలయమని అడిగారు. నాలుగో వీధి అన్నాను. పేరు విన్నట్టే ఉందన్నారు.

*

గుమాస్తా గారికి,

కొరివితో తల గోక్కున్నాను. పోయిన బుధవారం గంటన్నర వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక పెళ్లిబృందం, వెనక ఒక బడి. వంతు వచ్చేసరికి సూదిలో దారం ఎక్కించేంత సేపు చూశానో లేదో, కాపలాదారు ముందుకి కదలమన్నాడు. ఆయన గాజు వెనకనుంచి నా కేసి ఎవరో కొత్తవాడిని చూసినట్టు చూశాడు. ఆ హాల్లో కిటికీ లేదు, పాటా లేదు. ఏడుపొచ్చింది, దాచుకోను.

పైకి మూడో గదికి వెళ్లాను. ఆయన స్థానంలో ఇంకో బొమ్మ పెట్టారు. కిటికీ పక్కన ఒక అమ్మాయి వయొలిన్ శ్రుతి చేసుకుంటోంది. గోడకి ఆనుకుని నిలబడి చూశాను. బస్టాపులోంచి క్లారినెట్ వస్తోంది, ఆ పిల్ల దానికే శ్రుతి కలుపుతున్నట్టుంది. మనసు కుదుటపడింది. అప్పుడు కనబడింది, ఆమె జాకెట్టు చేతి దగ్గర ఒక సంగతి. చీమంత. మీ పదకొండుమందీ మళ్లీ నెల రోజులు అద్దాలు పట్టుకు తిరగాల్సినంత.

అదేమిటో చెప్పను. ప్రాణం పోయినా చెప్పను.

ఇట్లు,
దర్జీ

తా.క. మా ఆవిడకీ చెప్పలేదు. ముప్పై ఏళ్లలో ఇది మొదటి రహస్యం. అనుమానం వచ్చి బుధవారాలు నాతో వస్తానంటోంది.

*

దర్జీ గారూ,

ఇది కార్యాలయం తరఫున కాదు, నా తరఫున.

పద్దెనిమిదేళ్లుగా కింది అంతస్తులో కూర్చుంటున్నాను. మీ ఉత్తరం చదివాక మొదటిసారి మెట్లెక్కి మూడో గదికి వెళ్లాను. కిటికీ తెరిచాను. మీరు చెప్పిన క్లారినెట్ వినబడింది. ఆ బస్టాపులోనే నేను రోజూ బస్సెక్కుతాను, ఎన్నడూ చెవిన పడలేదు. ఎందుకు పడలేదో నాకే సిగ్గుగా ఉంది.

నిన్న పెద్ద నిపుణుడు వచ్చి, దర్జీ గారు మళ్లీ ఏమైనా గమనించారా అని అడిగాడు. ఏమీ లేదని రాసిచ్చి ముద్ర వేశాను. నా ఉద్యోగంలో నేను వేసిన మొదటి దొంగ ముద్ర అదే. బెంచీ కూడా తిరిగి వేయించాను. మీ దంపతులు కూర్చున్నా ఇంకా ఒకరికి చోటుంటుంది.

ఇట్లు,
మీ గుమాస్తా

తా.క. ఆ జాకెట్టు చెయ్యి నాలుగు రోజులు చూశాను. నాకేమీ కనబడలేదు. చెవిలో ఒక్క ముక్క చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది.