మూడు వాటాల మేడ

జూన్ 4

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పెళ్లి చేసుకుని చూశాను, విడాకులతో తేలింది. ఇక ఇల్లు చూస్తాను. ఇన్నేళ్లూ పార్లర్‌లో నిలబడి ఐబ్రోలు తీసి, తలలకు రంగులేసి దాచిన డబ్బు. అద్దెలొచ్చే ఇల్లు కొంటాను. మోకాళ్లు ఇక నిలబడలేమన్న రోజున ఎవరి ముందూ చెయ్యి చాపను.

విడాకుల నుంచీ నేనుంటున్నది అన్నయ్య ఇంటి మీద గదిలోనే. ఆయనకు చెప్పాను. ఆయన అప్పుడే ఫ్లాట్ సెలెక్ట్ చేసేశాడట.

జూన్ 8, ఆదివారం

కొత్త టవర్, పదకొండో అంతస్తు. లిఫ్ట్‌లో నిలువెత్తు అద్దం. రెండేళ్లలో రేటు డబుల్ అవుతుందనీ, ఆఫీసుల వాళ్లు అద్దెకు క్యూ కడతారనీ అన్నయ్య చెప్పాడు. మార్కెట్ ట్రెండ్ అన్నప్పుడల్లా ఆయన ఛాతీ కాస్త ముందుకొస్తుంది. వదిన తల ఊపింది.

కిందికి దిగి తల పైకెత్తి చూశాను. మంచి ఎండ, సెలవు రోజు. అంత బిల్డింగ్‌లో ఏ బాల్కనీలోనూ ఆరేసిన బట్ట లేదు. అందరూ కొన్నారు, ఎవరూ ఉండటం లేదు. రేటు పెరిగితే అమ్ముకునేవాళ్లకు మంచిదే. నాకు కావలసింది నెలనెలా అద్దె. ఖాళీ ఫ్లాట్ అద్దె ఇవ్వదు సరికదా, మెయింటెనెన్స్ అడుగుతుంది.

జూన్ 9

వద్దని చెప్పాను. అలిగాడు.

జూన్ 17, మధ్యాహ్నం

వానలో ఇల్లు చూపించమంటే బ్రోకర్ బిత్తరపోయాడు. ఎండలో ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. పెద్దాసుపత్రి వెనక వీధిలో పాత మేడ, మూడు వాటాలు. రంగు వెలిసింది కానీ స్లాబు చుక్క కారలేదు. మెట్ల పక్క గోడకు మాత్రం చెమ్మ. కింద రెండు కుటుంబాలు, ఏళ్లుగా కదల్లేదు. పైన ఒక రిటైర్డ్ నర్సు, ఒంటరి మనిషి. బ్రోకర్ ఆమెకు కంప్లైంట్ ఆంటీ అని పేరు పెట్టాడు. మహా గయ్యాళి అనీ, రిజిస్ట్రేషన్ లోపు ఖాళీ చేయించే పూచీ తనదనీ గొంతు తగ్గించి చెప్పాడు.

ఆమె తలుపు నేనే కొట్టాను. గుమ్మంలోనే నిలబెట్టి ఇంటి రోగాలన్నీ ఏకరువు పెట్టింది. మోటారు మొరాయిస్తుందట. చెమ్మ పైపు వల్లనట, గోడ గట్టిదేనట. మీటరు బోర్డు మార్చకపోతే కొంప అంటుకుంటుందట. వినేకొద్దీ నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి మీద ఇంత పట్టింపు ఉన్న మనిషిని వెళ్లగొట్టి ఇంకెవరిని తెచ్చి పెట్టను? ఆవిడ అద్దె ఏనాడూ ఆలస్యం కాలేదని కింది వాళ్లు చెప్పారు.

ఏడాదిపాటు ఎవర్నీ కదపనని మూడు వాటాల వాళ్లకూ మాటిచ్చాను. ఆ మాట అగ్రిమెంట్‌లో ఉండదు కదా అని బ్రోకర్ నవ్వాడు. నా నోటితో ఇచ్చిన మాట, నాకది చాలు.

జూలై 2

రిజిస్ట్రేషన్ అయింది. నా సంతకం. నా మేడ.

జూలై 3, ఉదయం

అన్నయ్య నిప్పులు కక్కాడు. టవర్ బిల్డరు ఆయన స్నేహితుడట, పరువు తీశానట. తన మాట లెక్కలేని మనిషి తన ఇంటి మీద గదిలో ఉండక్కర్లేదట. ఓనరమ్మవి కదా, పోయి నీ మేడలోనే ఉండమన్నాడు. ఆ నర్సుని ఖాళీ చేయించి ఆ వాటాలో నువ్వుంటే అందరికీ సుఖం కదా అని వదిన సర్దబోయింది.

అంటే నేను మాట తప్పాలి. అప్పుడు ఆయన మాట నెగ్గుతుంది. ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవలేదు. పెట్టె సర్దుకున్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని సంగతి వీళ్లింకా చూడలేదు.

జూలై 7

పార్లర్‌లో ఫేషియల్ బెడ్ మీద పడుకుంటున్నాను. నడుం పట్టేసింది. పగలు అద్దె గది కోసం తిరుగుతున్నాను. ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వనన్నాడు ఒకాయన. ఇంకొకావిడ మీవారేం చేస్తారంది. నేనూ ఓనర్నేనండీ అంటే, అయితే మీ ఇంట్లోనే ఉండొచ్చుగా అని తలుపేసింది. అడగాల్సిన ప్రశ్నే. ఒళ్లు మండింది మరి.

జూలై 9

మోటారు బాగు చేయించడానికి మేడకు వెళ్లాను. కంప్లైంట్ ఆంటీ మెకానిక్ నెత్తిన నిలబడి పని చేయించింది. నా నడక చూసి ఎక్కడ పడుకుంటున్నావని అడిగింది. చెప్పాను. జాలిపడుతుందనుకుంటే తిట్టింది. వానలో వచ్చి మరీ ఇల్లు చూసినదానివి, నువ్వెక్కడుంటావో చూసుకోలేదా అంది.

తన వాటాలో వీధివైపు గది ఖాళీగానే ఉందట. కానీ ఊరికే ఇవ్వదట. ఊరికే ఇస్తానంటే నేనూ వెళ్లేదాన్ని కాదు. ఇన్నాళ్లూ ఊరికే ఉన్నందుకే కదా, అన్నయ్య పొమ్మనగలిగాడు.

ఆగస్టు 1

పొద్దున్నే ఆంటీ అద్దె తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులోంచే గది అద్దె తీసి ఆమె చేతిలో పెట్టాను. కాస్త తగ్గించమని అడిగాను.

కుదరదట. ఓనరు పెంచితే నాకూ పెంచుతుందట.