డాబా మీద హార్డ్ డిస్కు

2006 మార్చి, గురువారం రాత్రి

మా శీను ఫోటో స్టూడియోలో కంప్యూటర్ హార్డ్ డిస్కు నిన్న టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. సర్పంచి గారమ్మాయి పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయట. రేపు వాళ్లు ఆల్బమ్ కోసం వస్తారు. ఫోటోల కోసం మళ్లీ పెళ్లి చేయమనలేం కదా!

పొద్దున వాడు ఆ డిస్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టాడు. "చల్లబడితే కాసేపు తిరుగుతుందమ్మా. ఆ కాసేపట్లో ఫోటోలు సీడీల్లోకి లాగేస్తా" అన్నాడు. మన మిరపకాయల్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టట్లేదా అని నేనూ నమ్మాను.

మధ్యాహ్నం తీసి చూస్తే కవరంతా చెమ్మ. చెమ్మ తగిలితే బూజు పట్టదూ? మనసు ఊరుకోలేదు. డిస్కును డాబా మీద ఆరబోసిన మిరపకాయల పక్కనే పట్టా పరిచి ఎండబెట్టాను. రెండో వైపు కూడా తిరగేశాను.

శీను చూసి, "అదేమన్నా మిరపకాయా అమ్మా, ఎండబెట్టడానికి!" అని కేకలేశాడు.

"ఊరుకోండి, అత్తయ్య తొడిమలు తియ్యలేదు, అదే అదృష్టం" అంది కోడలు.

వాడు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం కంప్యూటర్‌కి తగిలిస్తే, దేవుడి దయ, తిరిగింది. ఫోటోలన్నీ వచ్చాయి. అప్పగింతల ఫోటో ఒక్కదాంట్లో పెళ్లికొడుకు మొహం సగం, రంగు పోయిన తాలు కాయలా తెల్లబారింది. డిస్కు పాడవడం వల్లేనన్నాడు శీను.

అది చెమ్మే. ఇంకో గంట ఎండనిచ్చి ఉంటే...