ఇటలీ కారు నేనే తీశాను

ఏమండీ,

షెడ్డులో కారు లేదని కంగారుపడకండి, నేనే తీశాను. అత్తయ్య బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి వాచిపోయింది, కాలు కింద పెట్టలేకపోతున్నారు. అంబులెన్సు ఆలస్యమవుతుందన్నారు. ఆటోలో అయితే కాలు మడవాలి. మీ ఇటలీ కారు సీటు వెనక్కి వాలుతుంది కాబట్టి పక్కింటి అక్కా నేనూ కలిసి అందులోనే ఎక్కించాం. అక్క ఆవిణ్ణి పట్టుకుని కూర్చుంది.

పెద్దాసుపత్రికి వెళ్తున్నాం. ఫ్యాక్టరీలో ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరుగా, అందుకే ఈ చీటీ. బీరువా మీదున్న పాత ఎక్స్‌రేలూ, అత్తయ్య మందులూ పట్టుకుని నేరుగా వచ్చేయండి.

ఇందాక బండిని గేటు బయట పెడుతుంటే ఎడమ తలుపు స్తంభానికి గీసుకుంది. వచ్చీ రాగానే ముందు ఆ గీత గురించి అడిగితే మాత్రం నేను ఊరుకోను. లైసెన్సు వచ్చి ఏడాదైంది. "ఇది నీ చేతికి లొంగే బండి కాదు" అంటూ ఒక్కసారైనా తాళం ఇచ్చారా? అయినా నడుపుతాను.

అన్నట్టు, భయంగా ఉందని అత్తయ్యతో అనేశాను. "వాడు నడిపితే భయంతో కళ్లు మూసుకుని కూర్చుంటానే నేను. నువ్వయితే తెరుచుకునే కూర్చుంటాను, పద" అన్నారు.