ఓబులేసు కోరిన జత

మైదుకూరు దగ్గర పల్లె,
కార్తీక మాసం, 1942.

కర్నూలులో డేరా వేసిన సర్కస్ కంపెనీ మేనేజరు సుందరం గారికి, ముఖం తెలియకపోయినా ఇక్కడి నుంచే దండం పెట్టి రైతు ఓబులేసు రాయించేది.

ఇక్కడ అందరం బాగున్నాం. వాన మాత్రం ఎప్పటిలాగే మా పొలిమేర దాకా వచ్చి వెనక్కి పోయింది.

శెట్టి అంగట్లో బెల్లం పొట్లం కట్టిన కాగితం మీ సర్కస్ నోటీసు. నాకు చదువు రాదు. నా చెల్లెలు హంపమ్మ మిషన్ బడిలో చదివింది, అదే చదివి వినిపించింది. ముప్పై మణుగుల బండను ఒక్కడే లాగే భీముడు మీ దగ్గర ఉన్నాడట. విన్నప్పటి నుంచి నాకు కునుకు లేదు. ఉగాది తిరునాళ్లకు మా ఊళ్లో బండలాగుడు పందెం. మా ఇంట్లో ఒక మంచి ప్రాణం పోయినేడు జతను పోగొట్టుకుని ఒంటరిగా మిగిలింది. సరిగా తినదు. ఆ పక్కన ఖాళీ నేను చూడలేకపోతున్నాను. మీ భీముణ్ణి మా ఇంటికి పంపిస్తారా?

ముందుగా కొన్ని సంగతులు తెలియాలి. పుట్టింది ఎక్కడ? పళ్లు బాగున్నాయా, అరిగాయా? సుడులు ఎలా ఉన్నాయి? ముక్కు కుట్టించారా? తన్నే గుణం ఉందా? కొత్త చోట నిలుస్తాడా, పారిపోతాడా?

జవాబు కోసం టపా మనిషి వచ్చే దారి వైపే చూస్తుండే
ఓబులేసు (వేలిముద్ర)

తా.క.: ఇది హంపమ్మ సొంతంగా అడుగుతున్నది. భీముడికి సంగటి అలవాటేనా? ఉరుములకు భయపడతాడా?


కర్నూలు, సర్కస్ డేరా.

గౌరవనీయులైన ఓబులేసు గారికి, సుందరం నమస్కరించి రాసే సంగతులు.

మీ ఉత్తరం డేరాలో అందరికీ చదివి వినిపించాను. ఇరవై ఏళ్లుగా మా భీముడికి చప్పట్లు కొట్టినవాళ్లు లక్ష మంది. ఇల్లరికం అడిగినవారు మీరొక్కరే. జత పోయి తిండి మానేసిన మీ ఇంటి ఆడపడుచు సంగతి విని మా వంటమనిషి కన్నీళ్లు పెట్టుకుంది. మీ సీమ రైతుల్లో మారుమనువు ఉందని నాకు తెలుసు. పిల్లనిచ్చే ముందు బండ లాగించి చూస్తారన్నది మాత్రం ఇప్పుడే తెలిసింది. మంచి ఆనవాయితీ.

అతని అసలు పేరు పెద్ద ఈరన్న. మీవాళ్లే. ఆలూరు దగ్గర పుట్టాడు. కరువొచ్చిన ఏడు అమ్మానాన్నా పోతే ఆదోనికి వచ్చి పత్తి బేళ్లు మోశాడు. ఒకరోజు బురదలో దిగబడిన బేళ్ల బండిని ఎద్దులు విప్పేసి తనే భుజం పెట్టి బయటికి లాగుతుంటే చూసి నేను సర్కసుకు తెచ్చుకున్నాను. ఇనుప కడ్డీ మెడకు చుట్టి వంచుతాడు. గొలుసు ఛాతీతో తెంచుతాడు. ఒకసారి కొలంబో దాకా ఓడలో పోయి, దారి పొడవునా వాంతులు చేసుకుని, దిగిన సాయంత్రమే ఆట ఆడాడు. రోజూ ఆఖరున ప్రేమమ్మ అతని ఎదమీద నిలబడుతుంది, అతను నవ్వుతూ జనానికి దండం పెడతాడు.

పళ్లు గట్టివి, వాటితో తాడు పట్టి బండి లాగుతాడు. సుడి ఒక్కటే, కాబట్టి రాసిపెట్టిన పెళ్లీ ఒక్కటే, అదింకా కాలేదు. తన్నడు, తిట్టనైనా తిట్టడు. ముక్కు కుట్టలేదు. చెవులకు మాత్రం పోగులున్నాయి. మీవైపు మగవాళ్లకు ముక్కు కుట్టే అలవాటు ఉందేమో తెలియదు, కావాలంటే ఇక్కడే కంసాలిని పిలుస్తాను.

దాచి చెప్పడం నాకు చేతకాదు. నలభై దాటాయి. మోకాళ్లు నొప్పి. పొద్దున గుంజ పట్టుకుని లేస్తాడు. యుద్ధం వల్ల మా సర్కసుకు రైలు పెట్టెలు దొరకడం లేదు, ఎంతకాలం నడుస్తుందో తెలియదు. డేరా దింపిన రోజున అతనికి పోవడానికి ఒక గడప లేదు. అదే నా బెంగ.

మీ మేలు కోరే
సుందరం

తా.క.: సంగటి పేరెత్తితే చాలు, ఆట మధ్యలోనైనా వస్తాడు. ఉరుములకు భయపడడు. పిల్లిని చూస్తే మాత్రం బల్ల ఎక్కుతాడు.


మైదుకూరు దగ్గర పల్లె.

పెద్దమనసున్న సుందరం గారికి, మీ ఉత్తరం చెవులారా విన్న ఓబులేసు రాయించేది.

హంపమ్మ చదివింది. ఎందుకో చాలాచోట్ల దానికి దగ్గు వచ్చి ఆగిపోయింది. విన్నంతవరకు నాకు బాగా నచ్చింది. ఒంగోలు వైపు నుంచి వస్తే మా ఎర్రనేల పడదు, ఆలూరు అన్నారు కనుక దిగులు లేదు. బేళ్ల బండి లాగిన ఒళ్లు వేరే చెప్పాలా? ఓడ ఎందుకు ఎక్కించారో పాపం.

మోకాళ్ల సంగతి మీరు నిజం చెప్పారు, అదే గొప్ప. దానికి నా దగ్గర మందుంది. ఇనుము ఎర్రగా కాల్చి మోకాలికి రెండు పక్కలా వాత పెడితే మూడో రోజుకు పరుగెత్తాలి. ముక్కు సంగతి మీరు పెట్టుకోకండి. నేనే దగ్గరుండి కుట్టిస్తాను. నలుగురు గట్టిగా అదిమిపట్టుకుంటే ఎంతసేపు? వచ్చేనాటికి పగ్గం కొత్తది పేనించి, దిష్టికి మెడలో నల్లతాడు కట్టిస్తాను. రోజుకు తవ్వెడు ఉలవలు, నాలుగు కోడిగుడ్లు. నా తిండి తగ్గించుకునైనా పెడతాను. పాలేరు చేతిలో పెట్టను, నేనే కడుగుతాను, నేనే తోముతాను.

ఇట్లు, భీముడి రాకకు పాకలో కొత్త మన్ను పోయించిన
ఓబులేసు (వేలిముద్ర)

తా.క.: హంపమ్మ అడుగుతున్నది. ఎవరీ ప్రేమమ్మ? రోజూ ఎదమీద నిలబడాల్సిన అవసరమేమిటి? బరువెంత? చూడటానికి ఎలా ఉంటుంది?


కర్నూలు.

కాబోయే బంధువు ఓబులేసు గారికి, సుందరం కొంచెం భయంతో రాసేది.

మీ ఉత్తరం ఈరన్నకు చదివి వినిపించాను. వాతల సంగతి వచ్చేసరికి కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ముక్కు సంగతి వచ్చాక ఒక రోజంతా ముక్కు తడుముకుంటూ తిరిగాడు. మర్నాడు వచ్చి అన్నాడు: "కుట్టుకోనీలే దొరా. నన్ను తోమేదానికి గూడా మనిషి ఉండాడంటే, ఆ ఇల్లు యాడున్నా పోతా."

ఇరవై ఏళ్లలో అతను నన్ను కోరింది ఇదొక్కటే.

ఆలస్యం చేసే వీలు కూడా లేదు. గుర్రాలను మిలిటరీవాళ్లు తీసుకున్నారు, ముసలి సింహం పోయింది. వచ్చే బుధవారం మధ్యాహ్నం ప్యాసింజరు బండికి ఈరన్న ఎర్రగుంట్లలో దిగుతాడు.

మీ
సుందరం

తా.క.: ప్రేమమ్మ మా ఏనుగు. నలభై మంది మనుషుల బరువు. చూడటానికి ఏనుగులాగే ఉంటుంది. హంపమ్మ గారు అనుమానపడవద్దని మనవి.


ఎర్రగుంట్ల స్టేషను, బుధవారం.

సుందరానికి ఓబులేసు రాయించేది. రాస్తున్నది స్టేషను గుమాస్తా. ఈసారి దండాలు లేవు.

పొద్దుటి నుంచి గూడ్సు షెడ్డు దగ్గర కొత్త పగ్గం, ముకుతాడు, పచ్చగడ్డి మోపు పెట్టుకుని కూర్చున్నాను. గూడ్సులో ఏమీ రాలేదు. ప్యాసింజరు బండి నుంచి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఒక మీసాలాయన దిగి, తిన్నగా నా దగ్గరికి వచ్చి నా కాళ్లకు దండం పెట్టి, ముకుతాడు చూసి కళ్లు మూసుకుని ముక్కు ముందుకు పెట్టాడు.

నేను అడిగింది ఎద్దును. మీరు పంపింది మనిషిని. మా సీమలో బండ లాగేది ఎద్దు కాక ఇంకేముంటుంది? నా ఎద్దు కర్రోడికి జతగా ఈ మనిషిని కాడికి కట్టాలా? వెంటనే వచ్చి తీసుకుపోండి.

ఓబులేసు

తా.క.: ఆయన ఆకలిగా ఉన్నాడు. గడ్డిమోపు నా దగ్గరే ఉంది. ఏం చేయాలో తెలియక స్టేషను బయట దోసెలు పెట్టించాను. అంగడామె పిండి అయిపోయిందని రేకు దించేసింది.


కర్నూలు.

ఓబులేసు గారికి సుందరం చేతులు జోడించి రాసేది.

మీ మొదటి ఉత్తరం నుంచి అన్నీ తీసి మళ్లీ చదివాను. ఎద్దు అన్న మాట ఒక్కచోటా లేదు. ఇల్లరికం గురించి నేను రాసింది మీకెందుకు తెలియలేదో నాకు అర్థం కావడం లేదు.

ఈరన్నను తీసుకురావడానికి నాకు చోటు లేదు. డేరా నిన్న అమ్మేశాను. ఇక మిగిలింది నేనూ ప్రేమమ్మా. ఇరవై ఏళ్ల సావాసం, దాన్ని వదిలి ఎక్కడికీ పోలేను. మాకే పూట గడవడం కష్టంగా ఉంది. దయచేసి అతణ్ణి గడప బయట నిలబెట్టకండి. గొడ్ల పాకలో చోటిచ్చినా పడుకుంటాడు.

దిక్కుతోచని
సుందరం

తా.క.: ముక్కు మాత్రం కుట్టించకండి.


మైదుకూరు దగ్గర పల్లె,
ఉగాది వెళ్లిన ఐదో రోజు.

మా సుందరం గారికి, ఓబులేసు వెయ్యి దండాలు పెట్టి రాయించేది. ఈ ఉత్తరం హంపమ్మ చేత రాయించలేదు. ఎందుకో చెబుతాను.

ఆ బుధవారం ఈరన్నను బండి ఎక్కించుకుని కోపంగా ఇంటికి తెచ్చాను. నేను ఉలవలు నానబెట్టమని చెప్పిపోయాను. ఇంట్లో ఉలవలు నానలేదు. పొయ్యిమీద ఇద్దరు మగవాళ్లకు సరిపడా సంగటి ఉడుకుతోంది. పీట వేసి ఉంది. పిల్లిని గంప కింద మూసిపెట్టి ఉంది. అప్పుడు నాకు తెలిసింది. రెండేళ్ల కిందట మీ సర్కసు ప్రొద్దుటూరుకు వచ్చినప్పుడు నేను వేరుశనగ పీకుతూ ఊళ్లో ఉండిపోయాను, హంపమ్మ పోయి భీముడు బండ లాగేదాకా చూసి, పొద్దుపోతుందని ఆఖరి ఆటకు ముందే వచ్చేసింది. భీముడు మనిషని దానికి మొదటి రోజు నుంచీ తెలుసు. నేను ఎద్దు అన్నచోటల్లా రాయకుండా దాటేసింది. మీరు ఇల్లరికం అన్నచోటల్లా దగ్గింది.

చెయ్యెత్తబోయాను. అది కదలకుండా నిలబడి అంది: "నా మొగుడు పోయి ఐదేండ్లాయ. నీ ఎద్దుకు జత పోయి ఏడాది కాలేదు, ఊరూరికి ఉత్తరాలు రాపిస్తాండావు. నాకు జత కావల్లని ఒక్కనాడన్నా అనుకుంటివా అన్నా?"

నా ఇంట్లో రోజూ నా ఎదురుగా ఒకటి సరిగా తినకుండా తిరుగుతుంటే నేను పాకలో ఎద్దు కోసం ఏడ్చాను. నా అంత మూర్ఖుడు ఈ జిల్లాలో ఉండడు.

పెద్దలు ఒప్పుకున్నారు. మాఘంలో మారుమనువు అయింది. పందెం నాడు కర్రోడి పక్కన ఈరన్న కాడి భుజానికెత్తుకుంటే మనిషి పనికిరాడని కొందరు గొడవపడ్డారు. పనికిరాడన్న కట్టుబాటు ఎక్కడా లేదని మా ఊరి పెద్ద తేల్చాడు. రెండో బహుమతి వచ్చింది. మొదటిదే రావాలి. బండ సగం దూరం పోయేసరికి జనం చప్పట్లు కొట్టారు, ఈరన్న అలవాటు కొద్దీ ఆగి నాలుగు వైపులా దండం పెట్టాడు. ఆ రాత్రి మోకాళ్లు వాస్తే హంపమ్మ ఆముదం కాచి పట్టింది. వాతలకు ఇద్దరూ ఒప్పుకోవడం లేదు. కర్రోడు ఇప్పుడు బాగా తింటున్నాడు, ఈరన్న చేత్తో పెడితేనే.

మీ ఇబ్బంది ఇంకా తీరలేదని ఈరన్నకు కబురు వచ్చింది, విని మేం ఊరుకోలేం. మీరూ ప్రేమమ్మగారూ మా ఇంటికి వచ్చేయండి. ఆడమనిషి పూట తినకుండా ఉందని తెలిసి నాకు అన్నం దిగడం లేదు. ఆమెకు నడవాలో నులక మంచం వేయించాను, చీర కూడా తెచ్చిపెట్టాను. మొహమాటపడితే నా మీద ఒట్టు.

ఇకమీదట మీ చుట్టం
ఓబులేసు (వేలిముద్ర)

తా.క.: దొరా, ఇది రాసింది నేనే, ఈరన్న. మీరు నేర్పిన అక్షరాలే. ప్రేమమ్మ ఎవరో బావకు హంపమ్మ చెప్పలేదు, నన్నూ చెప్పనీయలేదు. బుధవారం ఆయన ఎర్రగుంట్లకు బండి కట్టుకుని వస్తాడు. మంచం సంగతి ఆయనే చూసుకుంటాడు. మీరు మాత్రం ప్రేమమ్మను తోలుకుని రండి.